ఏడుపు కాని కన్నీళ్లు: రొమ్ము క్యాన్సర్ మందులు కంటిని తాకే తీరు

కీమో మూడో విడతో నాలుగో విడతో నడుస్తుండగా కొందరు ఆడవాళ్లకు కళ్ల వెంట నీళ్లు కారడం మొదలవుతుంది. చెంగుతో తుడుచుకుంటారు, మళ్లీ కారతాయి. చూడటానికి వచ్చిన చుట్టాలు "ఏడవకమ్మా, నువ్వే ఇలా డీలా పడితే ఎలా" అంటారు. ఆమె ఏడవడం లేదు. ఆ నీళ్లకూ మనసుకూ సంబంధం లేదు. సెలైన్‌లో కలిపి ఎక్కించిన మందు కన్నీటిలోకి చేరి, ఆ నీరు బయటికి పోవాల్సిన దారిని మూసేస్తోంది. అది సకాలంలో పట్టుకుంటే చిన్న పనితో తీరే చిక్కు. పట్టుకోకపోతే ఆపరేషన్ దాకా పోతుంది. చుట్టాలు ఓదారుస్తుంటారు, ఆమె తుడుచుకుంటూ ఉంటుంది, పట్టుకోవాల్సిన ఆ కాస్త సమయం గడిచిపోతుంది.

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం. 2022లో దేశంలో కొత్తగా బయటపడిన కేసులు 1 లక్షా 90 వేలకు పైనే అని అంతర్జాతీయ అంచనా. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ జబ్బు బయటపడే వయసు సుమారు పదేళ్లు తక్కువ. అంటే మందులు వాడే కాలం కూడా ఎక్కువే, ఆ తర్వాత కళ్లతో పని ఉన్న జీవితమూ ఎక్కువే. అయినా చికిత్స మొదలయ్యే ముందు చెప్పే జాగ్రత్తల్లో జుట్టు రాలడం, వాంతులు, నోటిపూత, తెల్లకణాలు పడిపోవడం ఉంటాయి. కన్ను మాట చాలాసార్లు రాదు. ప్రాణం నిలబెట్టే మందు ముందు కళ్లు మండటం ఎంత పాటి అనే లెక్క డాక్టరుకే కాదు, రోగికీ ఉంటుంది. ఆ లెక్క చాలావరకు సరైనదే. అయితే అన్ని కంటి ఇబ్బందులూ ఆ లెక్కలో ఒదగవు.

ముందు ఆ కన్నీళ్ల సంగతి. కన్నీరు ఊరేది పై రెప్ప వెనక, బయటి మూల దగ్గరున్న గ్రంథిలో. రెప్ప కొట్టినప్పుడల్లా అది కన్నంతా పరుచుకుని ముక్కు వైపు మూలకు చేరుతుంది. అక్కడ పై రెప్పకు ఒకటి, కింది రెప్పకు ఒకటి సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి సన్నని గొట్టాల ద్వారా కన్నీటి సంచిలోకి, అక్కడి నుంచి ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు చీదేది ఇందుకే. ఈ దారి మొత్తంలో బాగా ఇరుకైన చోటు ఆ రంధ్రాలు, వాటి వెంటనే ఉన్న గొట్టాలు.

డోసిటాక్సెల్ అనే కీమో మందు దెబ్బ కొట్టేది సరిగ్గా అక్కడే. 2000ల తొలి ఏళ్లలో అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో కంటి సర్జన్ బీటా ఎస్మేలీ బృందం ఈ సంగతిని వరసగా పరిశీలించి రాసింది. మందు కన్నీటిలోకి దిగుతుందని, గొట్టాల లోపలి పొర వాచి, క్రమంగా మచ్చకట్టి, దారి పూడుతుందని తేలింది. మూడు వారాలకు ఒకసారి ఎక్కించేవారిలో కన్నా, ప్రతి వారం కొద్దికొద్దిగా ఎక్కించేవారిలో ఈ బెడద ఎక్కువ. వారం వారం ఇస్తే వాచిన పొర కుదుటపడే లోపే తర్వాతి విడత వచ్చిపడుతుంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఇదే కుటుంబంలోని పాక్లిటాక్సెల్‌కు మాత్రం ఈ గుణం అంతగా లేదు. రెండూ యూ జాతి చెట్ల నుంచి పుట్టిన మందులే. ఒకటి పసిఫిక్ తీరపు యూ బెరడులో దొరికింది, రెండోది ఐరోపా యూ ఆకుల్లోని పదార్థం నుంచి తయారైంది. తోబుట్టువులే అయినా చేసే చెరుపు వేరు.

ఇక్కడ కాలమే కీలకం. దారి ఇంకా ఇరుకుగా ఉన్న దశలో కంటి డాక్టరు స్టెరాయిడ్ చుక్కలు రాస్తారు, సన్నని పరికరంతో దారి తెరుచుకుని ఉందో లేదో చూస్తారు. ఇరుకు పెరుగుతుంటే మెత్తని సిలికాన్ గొట్టాన్ని ఆ దారిలో అమర్చి, కీమో పూర్తయ్యేదాకా ఉంచుతారు. పైకి కనిపించీ కనిపించకుండా కంటి మూలన ఉంటుంది. కీమో ఆపాల్సిన పని చాలామందికి ఉండదు. అదే గొట్టాలు పూర్తిగా మూసుకుపోతే సిలికాన్ గొట్టం లోపలికి దూరదు. అప్పుడు ఎముకలోంచి కొత్త దారి తొలిచి, కంటి మూల నుంచి ముక్కులోకి చిన్న గాజు గొట్టం శాశ్వతంగా పెట్టాల్సి రావచ్చు. అది జీవితాంతం కనిపెట్టుకుని ఉండాల్సిన గొట్టం. కొన్ని వారాల ఆలస్యం ఈ రెండింటి మధ్య తేడాను నిర్ణయిస్తుంది. డోసిటాక్సెల్ వాడుతున్నప్పుడు కళ్లు కారడం మొదలైతే ఆ మాట తర్వాతి విడత దాకా ఆగకుండా చెప్పాలనడానికి కారణం ఇదే.

అయితే కళ్లు కారిన ప్రతిసారీ దారి మూసుకుపోయిందని కాదు. తిరకాసంతా ఇక్కడే ఉంది. కన్ను ఎండిపోయినా నీళ్లు కారతాయి. కన్నీటి పొర పలచబడితే కంటి ముందున్న పారదర్శక పొర, అంటే కార్నియా మీద గరగరలాడి, నలుసు పడ్డప్పటిలాగే కన్ను ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లలో జిడ్డు, జిగురు సరిపడా ఉండవు కనుక అవి నిలవక చెంప మీదికి జారిపోతాయి. కంట్లో ఇసుక పోసినట్టు ఉందని, పొద్దున కన్నా సాయంత్రానికి ఎక్కువవుతుందని, టీవీ చూస్తుంటే మసకబారి రెప్ప కొడితే మళ్లీ తేటపడుతుందని అంటే అది ఎండిన కన్ను. చురుకు, మంట లేకుండా రోజంతా ఒకే తీరుగా కారుతుంటే దారి వైపు అనుమానించాలి. మొదటిదానికి చుక్కలతో తడి పెంచాలి, రెండోదానికి దారి తెరవాలి. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. కళ్లు కారుతున్నాయి కదా, ఇంకా చుక్కలెందుకని మానేసేవాళ్లు ఉంటారు. దారి మూసుకున్నా చుక్కలు పోసుకుంటూ గడిపేసేవాళ్లూ ఉంటారు.

కన్ను ఎండిపోవడానికి చికిత్సలో దారులు చాలా ఉన్నాయి. పాత తరం మిశ్రమాల్లోని ఫైవ్-ఎఫ్‌యూ, దాని మాత్ర రూపమైన కెపెసిటబిన్ కంటి పైపొరను, రెప్పల అంచులను ఎర్రబరుస్తాయి, కొందరిలో కన్నీటి దారినీ ఇరుకు చేస్తాయి. మెథోట్రెక్సేట్ కన్నీటిలోకి చేరి మంట పెడుతుంది. 'ఎర్ర మందు' అని వార్డుల్లో పేరు పడ్డ డోక్సోరూబిసిన్ మూత్రానికి ఇచ్చిన రంగునే అరుదుగా కన్నీటికీ ఇస్తుంది. చూసి హడలిపోతారు గానీ అది రక్తం కాదు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ముట్లుడిగినవారికి ఏళ్ల తరబడి ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ మాత్రలు ఒంట్లో మిగిలి ఉన్న ఈస్ట్రోజన్‌ను కూడా అట్టడుగుకు దించేస్తాయి. కన్నీటి పొర మీద పలచని జిడ్డు పూతనిచ్చే గ్రంథులు ఒక్కో రెప్పలో రెండు మూడు డజన్లు ఉంటాయి. అవీ, కన్నీటి గ్రంథీ హార్మోన్ల మాట వినేవే. కాబట్టి ఈ మాత్రలు వాడేవారిలో కీళ్లనొప్పుల పక్కనే కంటి పొడితనమూ వస్తుంది. వయసు మీద పడిందనుకుని సరిపెట్టుకోవడం మామూలు. మిరప కల్లాల్లోనో, కట్టెల పొయ్యి ముందో, ఏసీ గదిలో కంప్యూటర్ ముందో రోజు గడిపే మనిషికి ఇది చిన్న బాధ కాదు. నిల్వ ఉంచే రసాయనం కలపని కృత్రిమ కన్నీటి చుక్కలు, రెప్పలకు గోరువెచ్చని కాపడం, ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా పడుకోవడం చాలామందికి ఊరటనిస్తాయి. రోజుకు నాలుగుసార్లు దాటి వాడాల్సి వస్తే ఆ రసాయనం లేని చుక్కలే మేలు, ఎందుకంటే నిల్వ కోసం కలిపిందే ఎండిన కార్నియాను ఇంకా గీరుతుంది. అవి ఖరీదెక్కువన్నది నిజమే.

కీమోతో తల వెంట్రుకలతో పాటు కనుబొమలు, రెప్పల వెంట్రుకలు కూడా రాలతాయి. అందం సంగతి సరే, రెప్ప వెంట్రుక దుమ్మును ఆపే జల్లెడ కూడా. అది లేని కన్నులోకి దుమ్ము, చెమట, షాంపూ అన్నీ నేరుగా పోతాయి. బోసిగా ఉన్న రెప్పలు కనబడకుండా కాటుక దట్టించడం సహజమైన కోరిక, కానీ తెల్లకణాలు పడిపోయి ఉన్న రోజుల్లో పాత కాటుక డబ్బా, ఒకరి నుంచి ఒకరికి తిరిగిన కాటుక పుల్ల మంచివి కావు. అలాగే మన ఇళ్లలో కంటికి చలవ అంటూ చేసే పనులున్నాయి. మూసిన రెప్పల మీద నందివర్ధనం పూలు పెట్టుకుంటే ముంచుకొచ్చే ప్రమాదం లేదు. కంట్లో చనుబాలు పిండటం, ఆముదం చుక్క వేయడం, ఆకు పసరు పోయడం వేరు. మామూలు రోజుల్లో కళ్లకలకతో పోయేది, కీమో పడిన వారం పది రోజులకు, అంటే తెల్లకణాలు బాగా అడుగంటినప్పుడు, కార్నియా పుండుగా మారొచ్చు.

చూపు మసకబారడం ఇంకో పెద్ద పద్దు. ఇందులో తరచుగా కనబడేదీ, అంతగా ప్రమాదం లేనిదీ షుగర్ వల్ల వచ్చే మసక. డోసిటాక్సెల్ ఎక్కించే ముందు రోజు నుంచి మూడు రోజుల పాటు డెక్సామెథసోన్ మాత్రలు ఇస్తారు. మామూలు మోతాదు 8 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. వాపులు, అలర్జీలు రాకుండా అది అవసరం. షుగర్ ఉన్నవారిలో, దాని అంచున ఉన్నవారిలో, ఆ మూడు రోజులూ రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. కంటి కటకం నీరు పీల్చుకుని ఉబ్బి, చూపు పవర్ మారుతుంది. ఆ వారంలో కళ్లజోళ్ల షాపుకెళ్లి పరీక్ష చేయించుకుంటే కొత్త నంబరు వస్తుంది. డబ్బు పెట్టి జోడు చేయించుకుంటారు. చక్కెర సర్దుకున్న కొన్ని వారాలకు ఆ జోడు పనికిరాదు. విడతల మధ్య కొత్త జోడు కొనకపోవడం, చికిత్స ముగిసి షుగర్ నిలకడకొచ్చాక చూపించుకోవడం ఉత్తమం. అల్పెలిసిబ్ అనే మాత్ర వాడే కొద్దిమందిలోనూ ఇదే జరుగుతుంది. ఆ మందు చక్కెరను గట్టిగానే పెంచుతుంది.

స్టెరాయిడ్‌కు ఇంకో రెండు గుణాలున్నాయి. నెలల తరబడి వాడితే కటకం వెనక భాగంలో శుక్లం కట్టిస్తుంది. వెలుతురులో చూపు తగ్గి మసక చీకట్లో మెరుగ్గా ఉండటం, ఎదురొచ్చే బండి లైటు కళ్లలో చెదిరిపోవడం దీని గుర్తులు. కొందరిలో కంటి ఒత్తిడిని పెంచి నీటికాసులకు (గ్లకోమా) దారితీస్తుంది. దానికి నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయని తెలిసినవారు ఆ ముక్క ముందే చెప్పడం అవసరం.

మసకలో అరుదైనది, తెలియకపోతే డాక్టర్లను సైతం తికమక పెట్టేది, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ వల్ల కంటి వెనక తెర అయిన రెటీనా నడిబొడ్డున నీరు చేరడం. మాక్యులా అనే ఆ చిన్న చోటే అక్షరాలు చదవడానికి, ముఖం గుర్తుపట్టడానికి ఆధారం. రెటీనా పొరలను అడ్డకోతలా చూపే ఓసీటీ స్కాన్‌లో తేనెపట్టులా నీటి గదులు స్పష్టంగా కనిపిస్తాయి. చేతి నరం నుంచి రంగు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్‌లో మాత్రం ఎక్కడా కారుతున్నట్టు కనిపించదు. షుగర్ వల్ల వచ్చే వాపులో రక్తనాళాలు కారతాయి, ఇందులో కారవు. ఆ తేడా తెలియకపోతే కంటిలోకి ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చే అవకాశం ఉంది. వాటివల్ల పెద్దగా ఒరిగేది లేదు. మందు ఆపితే వారాల్లో, నెలల్లో వాపు దానంతటదే దిగుతుంది. ఇక్కడ రోగనిర్ణయం చేసేది యంత్రం కాదు, 'ఇప్పుడు ఏ మందు ఎక్కిస్తున్నారు' అన్న ఒక్క ప్రశ్న. కంటి ఆసుపత్రి ఓపీలో అడగడానికి అర నిమిషం కూడా పట్టదు.

టామోక్సిఫెన్‌ది వేరే కథ. హార్మోన్ గ్రాహకాలున్న, అంటే హార్మోన్లను పట్టుకుని పెరిగే కణాలున్న రొమ్ము క్యాన్సర్‌కు ఇది దశాబ్దాలుగా పెద్దదిక్కు. అమెరికాలో 1977లో అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే, 1978లో, కైజర్-కుప్ఫర్, లిప్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు నలుగురు రోగుల రెటీనాల్లో మెరిసే తెల్లని స్ఫటికాలు చూశామని రాశారు. అప్పటి నుంచి టామోక్సిఫెన్ కళ్లు పోగొడుతుందన్న భయం రోగుల్లోనూ, కొంతమేరకు డాక్టర్లలోనూ పాతుకుపోయింది. ఆ నలుగురూ తీసుకున్నది రోజుకు 100 మిల్లీగ్రాములు దాటిన మోతాదు, అదీ ఏడాదికి పైగా. ఇవాళ ఇచ్చేది రోజుకు 20. ఆ సంగతి చెప్పకుండా స్ఫటికాల సంగతి మాత్రమే చెబితే అది సగం నిజం.

మిగతా సగం ఏమిటంటే, తక్కువ మోతాదులోనూ ఇది అరుదుగా వస్తుంది. రోజుకు 20 చొప్పున 5 ఏళ్లు వాడితే మొత్తం 36.5 గ్రాములు ఒంట్లోకి వెళ్లినట్టు. కొందరికి ఇప్పుడు 10 ఏళ్లు ఇస్తున్నారు, అంటే 73 గ్రాములు. తొలినాళ్ల రోగులు ఏడాది రెండేళ్లలో మింగిన మోతాదు, మెల్లగా అయినా, ఇప్పటి రోగికీ చేరుతోంది. స్ఫటికాలు మాక్యులా చుట్టూ లోపలి పొరల్లో పేరుకుంటాయి. అవి ఉన్నంతమాత్రాన చూపు పోదు. చూపును దెబ్బతీసేది వాటితో పాటు వచ్చే వాపు, లేదా వాపు లేకుండానే మాక్యులా నడిమధ్యన ఏర్పడే చిన్న గుంట. ఆ గుంట మామూలు పరీక్షలో దొరకదు, ఓసీటీలోనే దొరుకుతుంది. చదువుతుంటే పదంలో ఒక అక్షరం ఎగిరిపోయినట్టు అనిపించడం దాని గుర్తు. మందు ఆపితే వాపు తగ్గి చూపు కొంత మెరుగవచ్చు గానీ, స్ఫటికాలు అలాగే ఉండిపోతాయి. కార్నియా మీద సుడి ఆకారంలో సన్నని గీతలు కూడా కొందరిలో పడతాయి. వాటితో చూపుకు చెరుపు లేదు.

శుక్లాల విషయంలో లెక్క కాస్త గట్టిగా ఉంది. రొమ్ము క్యాన్సర్ ముప్పున్న ఆరోగ్యవంతులైన 13,388 మంది ఆడవాళ్లపై అమెరికాలో జరిగి 1998లో ఫలితాలు వచ్చిన పెద్ద పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వాడినవారికన్నా టామోక్సిఫెన్ వాడినవారిలో శుక్లాలు సుమారు 14 శాతం ఎక్కువగా వచ్చాయి. ఆపరేషన్ దాకా వెళ్లినవారు సుమారు ఒకటిన్నర రెట్లు. ముప్పు నిజం, మోస్తరు, పైగా శుక్లం తీయించుకుంటే చూపు తిరిగి వస్తుంది. త్రాసు రెండో పళ్లెంలో ఉన్నది ఇది: అయిదేళ్ల టామోక్సిఫెన్, హార్మోన్ గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్‌లో దీర్ఘకాలంలో ఆ జబ్బు వల్ల జరిగే మరణాలను సుమారు మూడో వంతు తగ్గిస్తుంది. కళ్ల భయంతో మాత్ర తమంతట తామే ఆపేయడం ఏ లెక్కన చూసినా నష్టం. ముట్లుడిగినవారికైతే లెట్రోజోల్ వంటివాటికి మారే వీలుంది. నెలసరి ఇంకా ఆగని స్త్రీకి ఆ మార్పు అంత సులువు కాదు, అండాశయాల పనిని ఇంజెక్షన్లతోనో ఆపరేషన్‌తోనో ఆపాల్సి ఉంటుంది. చిన్న వయసులో జబ్బు బయటపడేవారు ఎక్కువగా ఉన్న మన దగ్గర ఈ చిక్కు ఎక్కువమందికి ఎదురవుతుంది.

మరి టామోక్సిఫెన్ వాడేవారందరూ ఏటా కళ్లు చూపించుకోవాలా? దీని మీద వైద్యలోకంలో ఏకాభిప్రాయం లేదు. మొదలుపెట్టేటప్పుడు ఒకసారి రెటీనా చూపించుకుని, ఒక ఓసీటీ తీయించి ఫైల్లో పెట్టుకోవడం మాత్రం తెలివైన పని. తర్వాత ఎప్పుడైనా చూపు తేడా చేస్తే, పోల్చి చూసుకోవడానికి ఒక పాత చిత్రం ఉంటుంది. ముందే రెటీనా జబ్బు, షుగర్ ఉన్నవారికీ, కీళ్లవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నవారికీ ఇది తప్పనిసరి కిందే లెక్క. టామోక్సిఫెన్‌తో కలిసినప్పుడు ఆ రెండో మందు రెటీనాను చెరిచే ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఇక కొత్త మందుల వైపు వస్తే వాటం మారుతోంది. క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీ అనే ప్రొటీన్‌కు విషపు మందును జతచేసి క్యాన్సర్ కణం మీదికే పంపే పద్ధతి ఇప్పుడు ఊపందుకుంది. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్‌తో కొందరిలో కళ్లు కారడం, ఎండటం, మసక కనిపించాయి. 2025 జనవరిలో అక్కడే అనుమతి వచ్చిన డాటోపొటమాబ్ డెరక్స్‌టెకాన్‌తో కంటి ఇబ్బంది ఎంత మామూలైందంటే, మందు కాగితం మీదే కంటికి ప్రత్యేక హెచ్చరిక రాశారు. మొదలుపెట్టేటప్పుడు కంటి పరీక్ష, తర్వాత ఏటా, ముగిసినప్పుడు మరోసారి. ఇబ్బంది రాకముందు నుంచే రోజూ చాలాసార్లు కృత్రిమ కన్నీటి చుక్కలు. కాంటాక్ట్ లెన్సులు వద్దు. ఈ మందు గురిపెట్టేది ట్రాప్-2 అనే ప్రొటీన్ మీద. అది క్యాన్సర్ కణాల మీదే కాదు, కార్నియా పైపొర మీద కూడా ఉంటుంది. ఆ ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులో లోపంతో పుట్టేవారికి కార్నియా మీద జిగురు బుడిపెలు వచ్చే అరుదైన జబ్బు ఉందని కంటి వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. అంటే కన్ను దెబ్బతింటుందని ముందే ఊహించదగ్గ మందు ఇది. అందుకే దీనికి క్యాన్సర్ డాక్టరు, కంటి డాక్టరు ఒకే కాగితం మీద కనిపించక తప్పలేదు. నలభై ఏళ్లకు పైగా వాడుతున్న టామోక్సిఫెన్‌కు దక్కని ఏర్పాటు ఇది.

ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఎముకలకు ఇచ్చే జొలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించిన గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో కన్ను ఎర్రబడి, లోతుగా నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే అది కళ్లకలక కాదు, కంటి లోపలి వాపు. స్టెరాయిడ్ వైద్యం కావాలి, ఆ మందు మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చాలి. ట్రిపుల్ నెగటివ్ అనే రొమ్ము క్యాన్సర్ రకానికి ఇచ్చే పెంబ్రోలిజుమాబ్ రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందు కాబట్టి అదీ కంటి లోపల వాపు తెప్పించగలదు. దానితో అరుదుగా రెప్పలు వాలిపోయి, ఒకటి రెండుగా కనబడుతుంది. దానికి తోడు మింగడం కష్టమైనా, ఊపిరి బరువైనా, అది కంటి డాక్టరు పని కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన పని.

అన్నిటికన్నా బరువైన మాట ఇంకొకటుంది. చూపులో తేడా వస్తే అది మందు వల్లనే అయి ఉండాలని లేదు. ఆడవాళ్ల కంట్లోకి ఇతర చోట్ల నుంచి పాకే క్యాన్సర్లలో మొదటిది రొమ్ము క్యాన్సరే. రెటీనా వెనక రక్తనాళాల పొరలో గడ్డ చేరితే మసక, వంకర చూపు, ఒక పక్క నీడ కమ్మినట్టు ఉండటం కనిపిస్తాయి. కన్ను వెనక గూట్లోకి పాకితే సాధారణంగా కన్ను ముందుకు పొడుచుకొస్తుందని అనుకుంటాం, కానీ రొమ్ము క్యాన్సర్‌లో కొన్నిసార్లు తలకిందులుగా జరుగుతుంది. గట్టి పీచులాంటి ఆ కణజాలం కుంచించుకుపోతూ కన్నును లోపలికి లాగేస్తుంది. ఒక కన్ను చిన్నబోయినట్టు, గుంట పడ్డట్టు కనిపిస్తే ఒళ్లు చిక్కిందనుకుంటారు. తలనొప్పి, వాంతులతో పాటు రెండుగా కనిపించినా, చూపులో ఒక పక్క మొత్తం పోయినా, మెదడు స్కాన్ మాట ఎత్తాలి. వీటికి ఇవాళ రేడియేషన్, మందులు ఉన్నాయి, చూపు కాపాడే అవకాశమూ ఉంది. చికిత్స ముగిసి పదేళ్లయినా కంటి డాక్టరుకు పాత రొమ్ము క్యాన్సర్ సంగతి చెప్పాల్సింది అందుకే. సిగ్గుతోనో, అయిపోయిన కథ కదా అనో ఆ సంగతి దాచేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇదంతా రెండు గదుల మధ్య జారిపోతున్న సమాచారం. క్యాన్సర్ ఆసుపత్రి ఫైల్లో మందుల పేర్లు ఉంటాయి, కంటి పరీక్ష ఉండదు. కంటి ఆసుపత్రి చీటీలో చూపు కొలతలు ఉంటాయి, కీమో పేరు ఉండదు, మహా అయితే 'క్యాన్సర్ రోగి' అని ఒక ముక్క. పెద్ద పేరున్న కంటి ఆసుపత్రులు, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు రెండూ ఉన్న హైదరాబాద్ లాంటి నగరంలో కూడా ఈ గదికీ ఆ గదికీ కబురు మోసేది రోగి చేతిసంచే. ఆ సంచిలో ఒక కాగితం ఉంటే చాలావరకు పని జరుగుతుంది. ఏ మందు, ఎప్పుడు మొదలైంది, ఎన్ని రోజులకొకసారి, చివరి విడత తేదీ, స్టెరాయిడ్ ఎన్నాళ్లు, ఈ మధ్య తెల్లకణాల సంఖ్య, చక్కెర ఎంత. రాయడం రాకపోతే డిశ్చార్జి సమ్మరీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవచ్చు.

ఇంట్లో చేసుకోగల పరీక్షకు సామాను కూడా అక్కర్లేదు. దాదాపు ప్రతి తెలుగు ఇంటి గోడకూ తేదీల గళ్లు ఉన్న క్యాలెండరు వేలాడుతుంటుంది. వారానికోసారి, చదివే జోడు పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో నడిమి గడిలోని తేదీని చూడాలి. తర్వాత కన్ను మార్చాలి. చుట్టూ గీతలు తిన్నగా ఉన్నాయా, ఎక్కడైనా వంగాయా, ఏ గడి అయినా కనబడకుండా పోయిందా అని గమనించాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది. నిన్నటిదాకా తిన్నగా ఉన్న గీత ఇవాళ వంగితే, తర్వాతి కీమో తేదీ దాకా ఆగకుండా ఆ వారంలోనే రెటీనా చూపించుకోవాలి.